లోతు ఎక్కడి నుంచి?

చెరువులోకి దిగినవాడు ఒడ్డున ఉన్నవాళ్లకు లోతు చెప్పాలంటే టేపు కోసం చూడడు. చీలమండలు మునిగాయంటాడు, మోకాటిలోతు అంటాడు, మొలలోతు అంటాడు, పీకల్లోతు వచ్చేసరికి మాట మానేసి వెనక్కి తిరుగుతాడు. ఆపైన నిలువు, రెండు నిలువులు, తాటిచెట్టు లోతు. సముద్రం మీదికి వేటకు వెళ్లేవాళ్లకు బార ఉంది; రెండు చేతులూ చాచి తాడు పడితే ఒక బార. ఇంగ్లీషు నావికులు ఫాథమ్ అని పిలుచుకుని ఆరడుగులకు ఖాయం చేసిందీ ఈ బారనే. ఇవి మోటు కొలతలని మనం తీసేస్తాం గానీ, వీటిలో ఉన్న ఒక సుగుణం మీటర్ల లెక్కలో కనబడకుండా పోయింది. మొలలోతు అన్నప్పుడు పాదం నేల మీద ఉందని, నీళ్లు ఒంటి మీద ఇంతవరకు వచ్చాయని, ఆ మనిషి నిలబడిన చోట ఆ పూటకు సంగతి ఇదని ఒక్క మాటలోనే తెలిసిపోతుంది. ఎక్కడి నుంచి, ఎక్కడ, ఎప్పుడు అనే మూడూ అందులోనే ఉన్నాయి. బైకాల్ సరస్సు లోతు 1642 మీటర్లు అని పాఠ్యపుస్తకంలో చదివినప్పుడు ఈ మూడూ లేవు. పైగా తెలుగులో అడుగు అంటే అట్టడుగూ అదే, పన్నెండంగుళాలూ అదే, ప్రశ్నించమని చెప్పడమూ అదే. లోతు విషయంలో ఈ మూడు పనులూ కలిసి జరగాలని భాష ముందే చెప్పిపెట్టినట్టుంది.

ఈ స్మారకోపన్యాసంలో నేను నిలబెట్టదలచుకున్న వాదం ఒక్కటే. లోతు అంటే కదలని ఒక గుర్తు నుంచి, ఒక తేదీన, ఒక అవసరం కోసం తీసిన తేడా. ఆ తేడా ఎంత చిన్నదైతే కొలత అంత నిక్కచ్చిగా ఉండాలి. కాబట్టి ప్రపంచంలో అన్నిటికన్నా లోతైన బైకాల్ కన్నా, ఎండాకాలంలో గొర్రెలు నడిచిపోయే మన బుక్కపట్నం చెరువుకూ ధర్మవరం చెరువుకూ హిందూపురం పక్క పరిగి చెరువుకూ మంచి కొలత ఎక్కువ అవసరం. వినగానే తలకిందులుగా అనిపించే మాట ఇది. అందుకని లోతైన చోటి నుంచే మొదలుపెడతాను.

అమెరికాలో ఆరిగన్ రాష్ట్రంలో క్రేటర్ లేక్ ఉంది. పేలి కూలిన అగ్నిపర్వతం గుంతలో నిలిచిన నీరు అది. 1886లో భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్ దాని లోతు తీయడానికి వెళ్లాడు. క్లీట్‌వుడ్ అనే పడవను కొండ మీదికి మోయించి, నిటారుగా ఉన్న గోడ మీదుగా నీళ్లలోకి దింపించాడు. చేతిలో ఉన్న పరికరం పియానో తీగ, చివర బరువు. అంతకు ముందు నావికులు వాడింది జనపతాడు, సీసం గుండు. తాడు తడిస్తే పొడవు మారుతుంది, బరువుకు సాగుతుంది. ధర్మవరంలో నూలుతోనూ పట్టుతోనూ బతికేవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. సీసం గుండు కింద చిన్న గుంత చేసి అందులో కొవ్వు మెత్తేవారు. పైకి లాగితే ఆ కొవ్వుకు ఇసుకో బురదో అంటుకుని వచ్చేది. ఏమీ అంటకపోతే గుండు రాతికి తగిలిందో, అసలు అడుగు దాకా పోనేలేదో తేల్చుకోవాల్సి వచ్చేది. డటన్ 168 చోట్ల తీగ దించి, గరిష్ఠ లోతు 1996 అడుగులని చెప్పాడు. 2000 సంవత్సరంలో అనేక ధ్వని కిరణాలను ఒకేసారి వదిలే యంత్రంతో అదే సరస్సును కోటి అరవై లక్షల బిందువుల దగ్గర కొలిస్తే 1949 అడుగులు తేలింది. తేడా 47 అడుగులు, నూటికి రెండున్నర కన్నా తక్కువ. కొండ మీంచి పడవ దింపి, తీగ చుట్టిన మనిషికి అంతకన్నా ఏం కావాలి!

తీగ పోయి ధ్వని వచ్చింది. నీళ్లలో శబ్దం ఎంత వేగంతో పోతుందో ముందు తెలియాలి కదా. అదీ ఒక సరస్సులోనే తేలింది. 1826లో జెనీవా సరస్సు మీద కొలాడన్, స్టర్మ్ అనే ఇద్దరు చెరో పడవలో పదమూడు కిలోమీటర్ల పైచిలుకు ఎడంగా నిలబడ్డారు. ఒక పడవ నుంచి నీళ్లలో వేలాడే గంటను కొట్టినప్పుడే పడవ మీద తుపాకీ మందు భగ్గున వెలిగేలా ఏర్పాటు. రెండో పడవలో మనిషి వెలుగు చూసి గడియారం మొదలుపెట్టి, నీళ్లలో ముంచిన బాకా లాంటి గొట్టానికి చెవి ఆనించి, గంట మోత వినగానే ఆపాడు. సెకనుకు 1435 మీటర్లు. ఇప్పటి లెక్కకూ దానికీ ఉన్న తేడా అత్యల్పం. తరవాతి శతాబ్దంలో వచ్చిన ప్రతిధ్వని యంత్రం చేసేదల్లా శబ్దం వదిలి, అది అడుగుకు తగిలి తిరిగొచ్చే కాలాన్ని వేగంతో గుణించి సగం చేయడమే. బైకాల్ అట్టడుగుకు పోయి రావడానికి శబ్దానికి రెండు సెకన్ల పైన కొంచెం పడుతుంది. అయితే ఆ చల్లటి మంచినీళ్లలో శబ్ద వేగం సుమారు 1430. సముద్రపు అలవాటు కొద్దీ యంత్రంలో 1500 పెట్టి వదిలేస్తే అంకె ఎనభై మీటర్లు ఎక్కువ చూపిస్తుంది. 2008లో రష్యా వాళ్ల మీర్ జలాంతర్గాములు బైకాల్‌లో దిగినప్పుడు ప్రపంచ రికార్డని మొదట ప్రకటించి, తరవాత ఆ మాటను వెనక్కి తీసుకున్నారు. మనుషులు స్వయంగా కిందికి వెళ్లొచ్చిన చోట కూడా అంకె నిలబడలేదన్నమాట.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకుందాం. బైకాల్ 1642, టాంగన్యీకా 1470, కాస్పియన్ 1025 అని వరస పెట్టుకుంటాం. ఈ వరస దేనికి పనికొస్తుంది? కాస్పియన్ సంగతే చూడండి. దక్షిణాన వెయ్యి మీటర్లు దాటిన అదే నీరు ఉత్తరాన సగటున ఐదారు మీటర్లే. దాని పైమట్టం మహాసముద్ర మట్టానికి 28 మీటర్లకు పైగా దిగువన ఉంది, ఇంకా దిగుతోంది. ఆ దిగుడు దక్షిణపు అగాధానికి తెలియనే తెలియదు. ఉత్తరాన మాత్రం ఒడ్డు కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోయి పడవలు బురదలో దిగబడుతున్నాయి. లోతులో మూడో స్థానం అన్న బిరుదు ఉత్తర తీరం బెస్తవాడికి ఏం చెప్పింది? బైకాల్ కథ ఇంకా విచిత్రం. దాని నుంచి బయటికి పోయే అంగారా నది మీద ఇర్కుట్స్క్ దగ్గర ఆనకట్ట ఉంది. 2001లో రష్యా ప్రభుత్వం సరస్సు మట్టాన్ని 456, 457 మీటర్ల మధ్యనే ఉంచాలని నిర్ణయం చేసింది. 1642 మీటర్ల సరస్సులో ప్రభుత్వాలు, విద్యుత్ సంస్థలు, పర్యావరణవేత్తలు పేచీ పడేది పైనున్న ఒక్క మీటరు గురించి! ఆ మీటరులోనే వెయ్యి టీఎంసీల పైన నీరుంది మరి. గరిష్ఠ లోతు చూసి ఆశ్చర్యపోతాం గానీ, నిర్ణయాలన్నీ పైమట్టం మీదా అది మారడం మీదా నడుస్తాయి. లోతుకు రాజధాని లాంటి సరస్సు దగ్గర కూడా పరిస్థితి ఇదే.

ఇప్పుడు మన అనంతపురం సీమకు వద్దాం. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన. ప్రకృతి సిద్ధమైన లోతు సరస్సు ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ మనిషి కట్ట కట్టి నిలిపినవే. పెనుకొండ విజయనగర రాజులకు రెండో రాజధాని లాంటిది. కొండ కింద అంతమంది బతకాలంటే నీళ్లు రావాలి. 1388 నాటి శాసనం ఒకటి గౌరీబిదనూరు ప్రాంతంలో దొరికింది. పెనుకొండలో ఉన్న ప్రతాప బుక్కరాయలు నిండు కొలువులో జలసూత్ర విద్య తెలిసిన సింగాయభట్టును పిలిచి పెన్నా నీటిని పెనుకొండకు తెమ్మన్నాడని, ఆయన సిరువేర చెరువుకు కాలువ తవ్వించి దానికి రాజు పేరే పెట్టాడని అందులో ఉంది. కాలువ తవ్వడమంటే వాలు తెలియడం. మైళ్ల దూరంలో ఉన్న రెండు చోట్ల ఎత్తులను ఒకే గుర్తుతో పోల్చగలగడం. సింగాయభట్టు ఏ పరికరం పట్టాడో శాసనం చెప్పదు గానీ, మట్టాలు పోల్చకుండా ఆ పని అయ్యేది కాదు. దానికి పందొమ్మిదేళ్ల ముందు, 1369లో, కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనం పుట్టింది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు అది. చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. గర్భం విశాలంగా, లోతుగా ఉండటం అంగాల్లో ఒకటి. దోషాల్లో ఒకటి చెరువు నడిమధ్య మిట్ట ఉండటం. మరొకటి కొద్ది నీళ్లకు పెద్ద జాగా ఉండటం. గరిష్ఠ లోతు ఇంతుండాలని ఎక్కడా అనలేదు చూడండి. నీళ్ల కింద నేల ఏ రూపంలో ఉందన్నదే వాళ్ల పట్టింపు. ఇవాళ దాన్నే బాతిమెట్రీ అంటున్నారు.

ఒక చిన్న లెక్క. వెయ్యి హెక్టార్లలో నీళ్లు పరుచుకునే చెరువును, సగటు లోతు రెండు మీటర్లుగా ఊహించుకోండి. అందులో జానెడు పూడిక చేరితే ఇరవై లక్షల ఘనపు మీటర్ల పైన నీటి జాగా పోయింది; నిల్వలో దాదాపు తొమ్మిదో వంతు. సగటు లోతు 744 మీటర్లున్న బైకాల్‌లో అదే జానెడు మూడువేల పైచిలుకు వంతుల్లో ఒకటి. డటన్ 47 అడుగులు పొరబడితే శాస్త్రం మెచ్చుకుంది. మన చెరువులో అడుగున్నర పొరబడితే కారు మళ్లలో ఎన్ని ఎకరాలు నాటాలన్న లెక్క తప్పుతుంది. పైగా మన అడుగు బండరాయి కాదు. కొత్తగా దిగిన ఒండ్రు జావలాగా ఉంటుంది. పై జావ ఎక్కడ ముగిసింది, గట్టి నేల ఎక్కడ మొదలైందన్నది తేలని చోట ఎక్కువ పౌనఃపున్యం ఉన్న శబ్దం జావ మీది నుంచే తిరిగొస్తుంది, తక్కువది జావలోకి దూరి కింది నుంచి తిరిగొస్తుంది. రెంటి మధ్య జానెడు తేడా వస్తే రెండూ నిజమే. ఇలాంటి చోట లక్షలు పోసి యంత్రం తెచ్చే కన్నా పుట్టి ఎక్కి, అంగుళాల గుర్తులు పెట్టి చివర పలక బిగించిన వెదురు గడతో పొడవడం మేలు. పలక లేకపోతే గడ బురదలో దిగబడి లోతు ఎక్కువ చెబుతుంది.

గుర్తు ఎక్కడ? మన పెద్దలు దాన్ని రాతిలో నిలబెట్టి పోయారు. ఈ సీమలో పాత చెరువు కట్ట ఎక్కి లోపలివైపు చూస్తే తూము కనబడుతుంది. రెండు నిలువు రాతి కంబాలు, వాటిని కలుపుతూ ఒకదాని కింద ఒకటి అడ్డబండలు, బండల నడుమ బెజ్జాల్లోంచి కిందికి దిగిన కర్ర, దాని కొసన నీటి కన్ను మూసే బిరడా. కంబాల మీద నీళ్లు నిలిచిపోయిన తెల్లటి చారలు, అంతకు కింద మట్టి పట్టిన ఎర్ర చార. ఎన్నో అడ్డబండ మునిగితే ఎన్ని తడులు ఇవ్వొచ్చో నీళ్లు వదిలే నీరుగంటికి నోటి లెక్క. ఆయన చూసేది లోతు కాదు. తూము కన్ను నుంచి నీటి ఎత్తు. మరోవైపు మరవ, అంటే అలుగు. మరవ పారితే చెరువు నిండినట్టు. తూము కన్నుకూ మరవ గడపకూ మధ్య ఉన్నదే ఆయకట్టుకు దక్కే నీరు. మరవ పైనుంచి కట్ట శిరస్సుదాకా ఉన్న ఖాళీ ఊరి ప్రాణం. ఆ ఖాళీ నిండి కట్ట తెగబోయిన బుక్కరాయసముద్రం కథే కట్టమంచి రామలింగారెడ్డి గారి ‘ముసలమ్మ మరణము’కు వస్తువైంది. ఒకే చెరువులో కింది నుంచి ఒక లోతు, తూము నుంచి ఒకటి, కట్ట మీది నుంచి ఇంకొకటి. రైతుకు రెండోది, ఊరికి మూడోది, చేపల కాంట్రాక్టరుకు మొదటిది కావాలి.

తూము కదల్లేదు, మరవ కదల్లేదు. కదిలింది మట్టి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో 1880ల్లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకంలో ఒక్కో చెరువుకూ మెమోయిర్ పేరుతో వివరాలు రాసి పెట్టారు. అది గొప్ప పని. దిగులేమిటంటే, కాగితం మీది సామర్థ్యం అంకె తాతల నాటి ఆస్తి దస్తావేజు లాగా చేతులు మారుతూ వస్తుంది, కింద నేల మాత్రం ఏటా పైకి లేస్తుంది. పెద్ద జలాశయాల దగ్గర ఈ పొరపాటు ఎంత ఖరీదో చూశాం. ఎగువ కాలువ (హెచ్చెల్సీ) ద్వారా అనంతపురం సీమకు నీళ్లిచ్చే తుంగభద్ర 1953లో 133 టీఎంసీలతో మొదలైంది. 2008 సర్వేలో 100.855 టీఎంసీలు అన్నారు. 2016 సర్వేలో 105.788 అన్నారు. ఎనిమిదేళ్లలో పూడిక కరిగి పోలేదు, ఎవరూ ఎత్తిపోయలేదు. కొలిచిన తీరులో తేడా దాదాపు ఐదు టీఎంసీలు. రాష్ట్రాల మధ్య వాటాలు లెక్కించే జలాశయంలో ఐదు టీఎంసీలు గీతల మధ్య దాక్కున్నాయంటే, సర్వే ముఖమే చూడని చిన్న చెరువుల మాట ఏమిటి? ఇప్పుడు మరో కారణం తోడైంది. హంద్రీ–నీవా కాలువతో శ్రీశైలం నీళ్లు పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయం దాకా వచ్చాయి. వాననీరు ఉచితం, ఎత్తిపోసిన నీటికి ప్రతి మెట్టు దగ్గరా కరెంటు బిల్లుంది. పూడిన చెరువులోకి అలాంటి నీటిని వదిలితే అది పలుచగా పరుచుకుని ఎండకు ఆవిరవుతుంది. పోరుమామిళ్ల దోషాన్ని డబ్బిచ్చి కొనుక్కున్నట్టే.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ తెలుసు. కొలతలతో కాలయాపన ఎందుకు, జేసీబీ దించి తవ్వితే సరి కదా? లోతు పెరిగితే నీళ్లూ పెరుగుతాయి, పరుపు తగ్గి ఆవిరీ తగ్గుతుంది. ఇందులో చివరి మాట గట్టిది. మన ఎండలకు ఏడాదిలో మనిషి నిలువు కన్నా ఎక్కువ నీరు చెరువు మీది నుంచే లేచిపోతుంది కాబట్టి, అంతే నీటిని తక్కువ జాగాలో నిలపడం లాభమే. కానీ ఎక్కడ తవ్వాలి? తూము కన్ను కన్నా కిందికి తవ్వితే ఆ నీరు కాలవ ఎక్కదు. పశువులకు, చేపలకు, చుట్టుపక్కల బోర్లకు పనికొస్తుంది. బోర్ల మీదే బతికే సీమలో అది తక్కువ సంగతేమీ కాదు, ఊరు కూర్చుని అదే కావాలనుకుంటే తవ్వొచ్చు. అయితే అది ఆయకట్టు కోసం చేసిన పని అని రాసుకోకూడదు. కట్ట మొదట్లో తవ్వితే కట్టకే ముప్పు. ఇటుకలకు కొందరు, పొలాలకు ఒండ్రు కోసం కొందరు, రోడ్డు పనికి ఇంకొందరు ఎవరికి వీలైన చోట వాళ్లు తవ్వుకుపోతే చెరువు నిండా గుంతలు, గుంతల మధ్య మిట్టలు మిగులుతాయి. నీళ్లు గుంతల్లో చిక్కుకుని తూము దాకా రావు. శాసనం ఒక్క మిట్టనే దోషమంది. మనం చెరువుకు పది చేసి పెడుతున్నాం. పూడికతీతలో ఎన్ని ఘనపు మీటర్లు ఎత్తారన్న లెక్క బిల్లు కోసం ఉంటుంది. ఎత్తాక అడుగు ఏ మట్టంలో ఉందన్న లెక్కకు బిల్లు లేదు, అందుకని అదీ లేదు.

రెండో ఆక్షేపణ చదువుకున్నవాళ్లది. ఆకాశంలో ఉపగ్రహాలుండగా వెదురు గడ దేనికని. 2022 డిసెంబరులో ఎగిరిన స్వాట్ ఉపగ్రహం మన చెరువులంతటి నీటి మట్టాలను కూడా పైనుంచి చదవగలదు, నిజమే. ఎర్రటి బురదనీళ్ల కింద నేలను మాత్రం ఏ ఉపగ్రహ కన్నూ చూడలేదు. మూడో ఆక్షేపణ చెరువు లోపలి భూముల్లో సాగు చేసుకునేవాళ్లది. పైకి అనరు గానీ, కొలత జరిగితే నిండు మట్టం గీత తమ పొలంలోంచి పోతుందని వాళ్ల భయం. ఆ భయం సహేతుకమే, కొలత ఆ తగవు తీర్చదు. గీత ఎక్కడుందో తెలియకుండా వాళ్లకు పరిహారం అడిగే దారీ లేదు, దిగువ ఆయకట్టు రైతుకు నీళ్లు అడిగే దారీ లేదు. నీరుగంటి చూపు చాలదా అనేది నాలుగోది. చాలేది, తూము చుట్టూ నేల ఆయన తాత చూసినట్టే ఉండి ఉంటే.

ఖర్చు మాట అంటారా, లోతైన సరస్సుకు లేని సౌకర్యం మనకొకటి ఉంది. బైకాల్ అడుగును ఎండలో చూసినవాడు లేడు. మన చెరువు వానలు పోయాక నెలనెలా వెనక్కి తగ్గుతూ, చూడమన్నట్టు అడుగంతా బయట పెడుతుంది. నీటి అంచు ఏ రోజు ఎక్కడుందో అక్కడి నేలంతా ఆ రోజు ఒకే ఎత్తు. తూము కంబం మీద అంగుళాల గుర్తులు చెక్కించి, వారానికొకసారి మట్టం చదివి, అదే రోజు నీటి అంచు వెంబడి ఫోను పట్టుకుని ఒకరు నడిస్తే ఒక సమోన్నత రేఖ వచ్చినట్టు. కార్తీకం నుంచి వైశాఖం దాకా ఇరవై ఐదు వారాలు, ఇరవై ఐదు రేఖలు. చివర మిగిలిన మడుగుకు వెదురు గడ చాలు. ఈ పని హైస్కూలు పిల్లలు చేయగలరు. మొదటి చదువు ఏ తేదీన, ఏ అడ్డబండ నుంచి తీశారో మాత్రం కంబం మీదే చెక్కాలి. కాగితం మీద రాస్తే పోతుంది.